ముప్పై తొమ్మిది నంబర్లు జరిగిన రోజు

ముందు పోయినవి లెక్క వేస్తాను. బెంగుళూరులో ఒక హైస్కూలు ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు పని చేసినదాన్ని. పోయింది ఎంతో రాయకుండా మిగిలింది ఎంతో రాయడం నాకు చేతకాదు.

పేరు మార్చమని నా కిటికీ దగ్గరికి వచ్చిన ట్రాన్స్‌జెండర్ పిల్లలు ఐదుగురు. వాళ్లలో బడి మానేసినవాళ్లు ఇద్దరు. ఒకరు ఎనిమిదో తరగతిలో మానేశారు, ఇంకొకరు పదిలో. పది వరకు లెక్క కడితే పోయిన చదువు నాలుగేళ్లు. ఇల్లు పోగొట్టుకున్నది ఒకరు. ఎక్కడున్నారో ఇప్పటికీ ఎవరికీ తెలియనిది ఒకరు. ఇవి కాక గ్రూపు ఫోటోలు ఉన్నాయి. ఆ ఐదుగురిలో ముగ్గురు పదో తరగతి ఫోటోలో లేరు. ఇద్దరు మానేశారు కాబట్టి, ఒకరు పాత యూనిఫారంలో నిలబడలేక ఆ రోజు రాలేదు కాబట్టి. నా నిద్ర కూడా కొంత పోయింది. దాన్ని ఈ లెక్కలో కలపను.

నేను పి.యు.సి.తో, అంటే ఇంటర్‌తో, చదువు ఆపేసి టైపిస్టుగా చేరాను. లెక్కలు ఎవరూ నేర్పలేదు. పాత ఫీజు రిజిస్టర్లు తిరగేస్తూ నేర్చుకుని చివరికి ఆఫీసు సూపరింటెండెంటుగా పోయిన ఏడాది రిటైరయ్యాను. నా కుర్చీలో కొత్తగా చేరినవాళ్లు ఇద్దరు ఈ మధ్య ఇంటికి వచ్చి, ఇలాంటి బిడ్డ వస్తే ఏం చేయాలని అడిగారు. ఏ కాగితం కావాలో సర్క్యులర్ చదివితే తెలుస్తుంది. దేనికి భయపడాలో అందులో ఉండదు. నేను రాసేది దాని గురించి.

పేరు ఎన్ని చోట్ల ఉంటుంది

మా బడిలో ఒక బిడ్డ పేరు పదకొండు చోట్ల ఉండేది. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, ఐ.డి. కార్డు, లైబ్రరీ, బస్సు, ఫీజు రసీదు, అలా పోయి పోయి పదో తరగతి మార్కుల కార్డు వరకు. వీటిలో కొన్ని బడి తలుచుకుంటే మారతాయి. టీచరు నోట్లో పేరు మారడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మార్కుల కార్డులో మారాలంటే మాత్రం పరీక్షకు ముందే, పిల్లల జాబితా పైకి పోకముందే, తల్లిదండ్రుల సంతకంతో పని జరగాలి. జాబితా పోయాక అది చాలా పెద్ద పని.

కొత్తవాళ్లు సంతకం గురించి తొందరపడతారు. నేను చెప్పేది వేరు. మొదట ఆ బిడ్డను ఒక్క ప్రశ్న అడగండి: ఈ పేరు ఇంట్లో ఎవరికి తెలుసు? జవాబు వచ్చేదాకా పెన్ను మూత తీయకండి. బడి కంప్యూటర్లో ఒక పేరు మారిస్తే, ఆ రోజు సాయంత్రమే తండ్రి ఫోనుకు ఆ పేరుతో మెసేజ్ పోతుంది. ఆ మెసేజ్ వెనక్కి రాదు.

ఈ ప్రశ్న నాకు మొదటి బిడ్డ వల్ల వచ్చింది. కదిరి వైపు నుంచి కట్టడం పనికి వచ్చిన కుటుంబం. బిడ్డ ఎనిమిదో తరగతి. బడిలో రాసుకున్నది అబ్బాయిగా, తాను అమ్మాయినని ఆ బిడ్డకు తెలుసు. అప్పటి హెడ్‌మాస్టరు విని చాలా సంతోషించారు. మరుసటి రోజు ప్రార్థన సమయంలో అందరి ముందు నిలబెట్టి, ఇవాళ్టి నుంచి ఈమెను ఈ పేరుతో పిలవాలని చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ బిడ్డ కూడా నవ్వింది. సాయంత్రానికి ఆ మాట తల్లిదండ్రుల రేకుల షెడ్డుకు చేరింది. రెండు రోజులు బెంచీ ఖాళీగా ఉంటే నేను వెళ్లి చూశాను. షెడ్డు కూడా ఖాళీ. పక్క షెడ్డువాళ్లు నా కళ్లలోకి చూడకుండా, ఊరికి పోయినారు అన్నారు. ఏ ఊరికో చెప్పలేదు.

ఆ హెడ్‌మాస్టరు చెడ్డవాడు కాదు. ధైర్యం చూపించాలనుకున్నాడు. ఆ ధైర్యానికి ఖర్చు పెట్టాల్సింది తాను కాదని ఆయనకు తట్టలేదు.

చేతన్

ఇక్కడినుంచి ఒక్క బిడ్డ గురించే చెబుతాను. నాలుగోవాడు. పాత పేరు రాయను. అతను కోరుకున్న పేరు చేతన్.

పదో తరగతి మొదలైన నెలలో, మధ్యాహ్నం గంట కొట్టాక కిటికీ దగ్గరికి వచ్చాడు. అమ్మాయిల యూనిఫారం, పొడుగు జడ. పేరు మార్చుకోవాలంటే అఫిడవిట్‌కు ఎంతవుతుందని అడిగాడు. నేను నా ప్రశ్న అడిగాను. అమ్మకు తెలుసన్నాడు. అవ్వకు కొంచెం తెలుసన్నాడు. నాన్న గురించి అడిగితే వెనక్కి తిరిగి వరండా అంతా చూసి, తల అడ్డంగా ఊపాడు.

వాళ్లు తరాలుగా బెంగుళూరులో ఉన్న తెలుగువాళ్లు. తండ్రి శ్రీనివాసులుకు చిక్కపేటలో చీరల హోల్‌సేల్ అంగడి. వారం తర్వాత తల్లి మంజుల వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది.

"పేరు మార్చేది మార్చండి మేడమ్. వాళ్ల నాయనకు తెలిసే దినం మాత్రం నాకు ముందే చెప్పండి. బిడ్డను పిలుచుకోని కోలారులో మా చెల్లెలింటికి పోతా."

ఆయన కొడతాడా అని అడిగాను.

"ఇంతవరకు చెయ్యెత్తింది లేదు. అందుకే భయం. ఎంతవరకు పోతాడో నాకే తెలీదు."

ఆమె చెప్పినదాన్ని బట్టి విషయం ఇదీ. పది పాసైతే బిడ్డను కాలేజీకి పంపడానికి తండ్రి ఒప్పుకున్నాడు. ఆ కాలేజీలో యూనిఫారం లేదు, పాత స్నేహితులు లేరు, అక్కడ చేతన్‌గా మొదలుపెట్టవచ్చు. పది రాయకపోతే మదనపల్లెలో మేనత్త ఇంటికి పంపేస్తాడు. అక్కడికి పోతే పాత పేరుతోనే బతకాలి. మంజుల మదనపల్లె అన్నప్పుడల్లా గొంతు తగ్గించింది.

మా హెడ్‌మిస్ట్రెస్ విమల మేడమ్ జాగ్రత్త మనిషి. క్లాసులో చేతన్ అని పిలవండి, ఇంటికి పోయే కాగితం దేన్నీ ముట్టుకోవద్దు, తండ్రి సంగతి మెల్లగా చూద్దాం అన్నారు. మంచి నిర్ణయమే. నాలుగు నెలలు నిలిచింది.

ఎర్ర సిరా, నీలి సిరా

చాలా బడుల్లో లాగే మా బడిలోనూ హాజరు పట్టీలో మొదట అబ్బాయిల పేర్లు నీలి సిరాతో, తర్వాత అమ్మాయిల పేర్లు ఎర్ర సిరాతో రాసేవాళ్లు. రెండూ అక్షర క్రమంలో. ఆ క్లాసులో అబ్బాయిలు ముప్పై ఒకరు, అమ్మాయిలు ఇరవై ఏడుగురు, మొత్తం యాభై ఎనిమిది. చేతన్ నంబరు నలభై ఐదు, ఎర్ర సిరాలో.

దసరా సెలవుల తర్వాత పట్టీ కొత్తగా రాస్తారు. క్లాస్ టీచర్ నసీమా ఉద్యోగంలో చేరి రెండేళ్లు. రోజూ ఉదయం ఎర్ర సిరాలో ఉన్న పాత పేరు చూసి చేతన్ అని పిలవడం ఆమెకు కష్టంగా ఉండేది. పట్టీ ఇంటికి పోయే కాగితం కాదు కదా అని, చేతన్ పేరును నీలి సిరాతో అబ్బాయిల్లో ఆరో నంబరుగా రాసింది. నాకు తెచ్చి చూపించింది. అబ్బాయిలు ముప్పై రెండు, అమ్మాయిలు ఇరవై ఆరు, మొత్తం యాభై ఎనిమిది. సరిపోయింది. మొత్తం సరిపోతే ఇక ఆ కాగితంలో వెతకాల్సింది ఏమీ లేదని అనుకునే అలవాటు నాది.

ఆరో నంబరు నుంచి ముప్పై ఒకటి వరకు ఉన్న అబ్బాయిలు ఇరవై ఆరు మంది ఒక్కో నంబరు కిందికి జరిగారు. ముప్పై రెండు నుంచి నలభై నాలుగు వరకు ఉన్న అమ్మాయిలు పదమూడు మంది కూడా జరిగారు. ముప్పై తొమ్మిది మంది పిల్లలు ఆ సాయంత్రం ఇంటికి పోయి మా నంబరు మారిందని చెప్పారు. పదో తరగతి పిల్లల ఇళ్లలో నంబరంటే పరీక్ష. మరుసటి ఉదయం నుంచి ఫోన్లు. మా వాడి నంబరు ఎందుకు మారింది, ఎవరైనా కొత్తగా చేరారా, ఈ సమయంలో ఎలా చేర్చుకున్నారు? నేను ఏదో సర్దుబాటు అని చెప్పాను. పిల్లలు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

ఆ క్లాసులో ఒక అబ్బాయి తండ్రిది కూడా చిక్కపేటే. శ్రీనివాసులు అంగడికి రెండంగళ్ల అవతల. నాలుగో రోజు పొద్దున ఆయన షట్టరు తీస్తూ ఇటు కేక వేశాడట.

"ఏమప్పా శ్రీనివాసులూ, పదహారేండ్లకు కొడుకు పుట్నాడంటనే. పేడాలు ఎప్పుడు పంచుతావు?"

బండి తోసేవాళ్లు కూడా నవ్వారట. ఇది మంజుల తర్వాత చెప్పింది.

పదిన్నరకు శ్రీనివాసులు నా కిటికీ ముందు ఉన్నాడు. నేను కేకలకు సిద్ధపడ్డాను. ఆయన మెల్లగా, కాఫీ అడిగినట్టు అడిగాడు.

"టి.సి. ఇయ్యండి."

కన్నతండ్రి అడిగితే టి.సి. ఇవ్వనని చెప్పే అధికారం నాకు లేదు. విమల మేడమ్ గదిలోకి తీసుకెళ్లాను. ఇప్పుడు టి.సి. తీసుకుంటే పదో తరగతిలో ఇంకో బడి చేర్చుకోదు, సంవత్సరం పోతుంది అని ఆమె వివరంగా చెప్పారు. ఆయన అంతా విని, పోతే పోనీ అన్నాడు. దరఖాస్తు రాసి బల్ల మీద పెట్టి, క్లాసుకు వెళ్లి బిడ్డ చెయ్యి పట్టుకుని గేటు దాటాడు. నసీమా టీచర్ మెట్ల మీద నిలబడి ఉంది. చేతన్ ఆమె వైపు చూడలేదు.

తర్వాత తొమ్మిది పనిదినాలు ఆ బిడ్డ రాలేదు. మంజుల ఫోను ఆపేసి ఉంది. కోలారు చెల్లెలి నంబరు మేము తీసుకోలేదు. ఆమె పేరు కూడా అడగలేదు. ఉదయం హాజరు అయ్యాక నసీమా టీచర్ వచ్చి నా బల్ల ముందు నిలబడేది. ఫోను మోగితే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం. పేపర్లో చిన్న వార్తలు ఉండే పేజీ నేను మొదట చదవడం అప్పుడే మొదలైంది. ఏ వార్త కోసం వెతుకుతున్నానో నాకు నేను చెప్పుకోలేదు.

టి.సి. రాయడం అరగంట పని. విమల మేడమ్ ఒక్కటే చెప్పారు, నేను అడిగేదాకా సంతకానికి తేవద్దు అని. అది రూలు కాదు. పైవాళ్లు అడిగి ఉంటే ఆమెకు జవాబు లేదు. నేను చూసిన పై అధికారుల్లో రూలు చదివి ధైర్యం చూపినవాళ్లు ఉన్నారు, రూలు చదివి దాక్కున్నవాళ్లూ ఉన్నారు. ఊరికే ఒక కాగితాన్ని సొరుగులో పెట్టి భయపడుతూ కూర్చున్నది ఆమె ఒక్కరే. నాకు ఆమె మీద ఉన్న గౌరవమంతా ఆ తొమ్మిది రోజులది.

చిక్కపేటలో

పరీక్షకు కూర్చునే పిల్లల జాబితా పంపే రోజు దగ్గరపడింది. శనివారం ఒంటిపూట బడి అయ్యాక నేను మెట్రో ఎక్కి చిక్కపేటలో దిగాను. తోపుడు బండ్ల మధ్య అంగడి బోర్డులు చదువుకుంటూ నడిచాను. గొడవ జరిగితే ఉద్యోగం పోవచ్చు. గొడవ జరగకుండా, బిడ్డ ఊర్లో లేదు అని ఒక్క ముక్కలో చెబితే ఏం చేయాలో అసలు తెలియదు.

అంగడి మేడ మీద. తెల్లటి పరుపు మీద చీరల కట్టలు. శ్రీనివాసులు నన్ను గుర్తుపట్టి, పనివాడిని కాఫీకి పంపాడు. ఇద్దరమే మిగిలాం. ఆయన ముందు ‘ఉన్నాడా’ అనలేక, బిడ్డ ఇంట్లోనే ఉందా అని అడిగాను.

"ఉండాది. యాడికి పోతాది. తినేది లేదు, మాట్లాడేది లేదు. వాళ్లమ్మా అంతే."

ఆయన ఒక చీర తీసి మడత విప్పి మళ్లీ మడవడం మొదలుపెట్టాడు.

"నాకు సిగ్గని మీరంతా అనుకుంటాండారు మేడమ్. సిగ్గు నాలుగు దినాలు. పక్కంగడోడు ఈ దినం నన్ను చూసి నవ్వుతాడు, రేపు ఇంకోణ్ణి చూసి నవ్వుతాడు. నాకు భయం. మెజెస్టిక్ బస్టాండు సిగ్నల్ కాడ చెయ్యి చాపేవాళ్లను దినామూ చూస్తా. నా బిడ్డ ఆడ నిలబడితే? ఎవురన్నా కొడితే?"

కాసేపు మడత సరిచేశాడు.

"మీరు లెక్కల మనిషంట కదా. చెప్పండి. ఇట్ల పేరు మార్చుకున్న పిల్లోళ్లు ఎందరు బాగుండారు?"

ఇరవై మంది బాగున్నారని చెప్పి ఉండవచ్చు. ఆయన నమ్మేవాడు కూడా. నేను చూసింది ముగ్గురినే అని చెప్పాను. ఒకరు ఎక్కడున్నారో తెలియదు. ఒకరు పదిలో మానేసి ఇంట్లో బట్టలు కుడుతున్నారు. ఒకరు డిగ్రీ చదువుతున్నారు.

వ్యాపారస్తుడు కదా, విడివిడిగా అడిగాడు. ఆ కనపడని బిడ్డ ఎన్నో తరగతిలో మానేసింది? ఎనిమిది అన్నాను. డిగ్రీ బిడ్డ ఇంట్లో ఉండాదా? లేదు, హాస్టల్లో ఉంది, ఇంట్లోకి రానివ్వరు అన్నాను.

"పండగకూ రానీరా?"

"రానివ్వరు."

కాఫీ వచ్చింది. ఆయన తాగలేదు. బేరం తెగినప్పటిలాగా చీరను పక్కన పెట్టాడు.

"పరీక్ష రాయనీండి. పాత పేరుతోనే. కొత్త పేరుకు నేను సంతకం పెట్టను. అదొక్కటి నన్ను అడగొద్దండి."

నేను అడగలేదు. సోమవారం చేతన్ బడికి వచ్చాడు. టి.సి. దరఖాస్తును విమల మేడమ్ చింపేశారు. జాబితా పాత పేరుతో పోయింది.

ఆ నెలాఖరులో మేము ఒక పని చేశాము. కొత్తవాళ్లు చేయాల్సింది కూడా ఇదే. ఒకటి నుంచి పది వరకు అన్ని క్లాసుల పట్టీలు ఒకే సిరాతో, అబ్బాయిలు అమ్మాయిలు కలిపి ఒకే వరుసలో తిరగరాయించాం. బడి మొత్తం నంబర్లు మారాయి. ఒక్క ఫోను రాలేదు. కొందరివి మారితేనే కారణం అడుగుతారు.

ఆరు పేపర్లు

పరీక్షలకు పది రోజుల ముందు చేతన్ జుట్టు కత్తిరించుకుని వచ్చాడు. అవ్వే పెరట్లో కూర్చోబెట్టి కత్తిరించిందట. వాడి ముఖం చూసి నసీమా టీచర్ మురిసిపోయింది. నాకు మాత్రం హాల్ టికెట్ కళ్ల ముందు ఆడింది. దాని మీద ఫోటోలో పొడుగు జడ ఉంది.

ఫోటోలో ఉన్నదీ ఈ విద్యార్థీ ఒకరేనని విమల మేడమ్ కొత్త ఫోటో అంటించి, ముద్ర వేసి ఒక లెటరు ఇచ్చారు. అయినా నేను సెలవు పెట్టి ఆరు పరీక్షలకూ సెంటరు గేటు బయట నిలబడ్డాను. మొదటి పేపరు మామూలుగా అయింది. లెక్కల పేపరు రోజు హాల్లో కొత్త ఇన్విజిలేటరు ఉన్నాడు. ఫోటోలో ఆడపిల్ల ఉంది, నువ్వెవరు అని అడిగి, లెటరు తీసుకుని బయట నిలబెట్టాడు. లెటరు ఎవరి దగ్గరికో పోయి వచ్చేలోగా ఇరవై నిమిషాలు. యాభై మంది పిల్లలు తలెత్తి చూశారట. ఇదంతా నాకు గంట కొట్టాక తెలిసింది. గోడకు ఇవతల నేను నీళ్ల సీసా పట్టుకుని, అంతా బాగానే ఉందనుకుంటున్నాను.

చివరి రోజు గేటుకు దూరంగా స్కూటరు పక్కన శ్రీనివాసులు కనిపించాడు. అయిందా అని అడిగాడు. అయింది అన్నాను. బిడ్డ వచ్చి వెనక కూర్చున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

ఫస్ట్ క్లాసు వచ్చింది. లెక్కల్లో మాత్రం నేను అనుకున్నదానికంటే పద్నాలుగు మార్కులు తక్కువ.

ఇంకా రావలసింది

చేతన్‌కు ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. పి.యు.సి. పాసయ్యాడు. పద్దెనిమిది నిండగానే అఫిడవిట్ చేయించి, జిల్లా అధికారుల నుంచి ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం తెచ్చుకుని, ఆధార్‌లో పేరు మార్చుకున్నాడు. అన్నీ తన చేతులతోనే చేసుకున్నాడు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఫ్యాక్టరీ ట్రైనీలను తీసుకుంటుంటే పరీక్ష రాసి ఎంపికయ్యాడు. పత్రాలు చూసేరోజు పదో తరగతి మార్కుల కార్డు అడిగారు. ఇది ఎవరిది అని వరుసలో అందరి ముందూ అడిగారట. కార్డు తీసుకుని వచ్చేశాడు. ఇప్పుడు కుందలహళ్ళిలో ఒక చిన్న హోటల్లో బిల్లులు కొడుతున్నాడు. అక్కడ కార్డు అడగలేదు.

కార్డు మారాలంటే మొదట మా బడి రిజిస్టరులో పేరు మారి, బడి నుంచి లెటరు పోవాలి. విమల మేడమ్ ఇప్పుడు ఆ బడిలో లేరు. బడి యాజమాన్యం కొత్త కార్యదర్శి ఫైలు చూసి, అప్పుడు మైనరు కదా, తండ్రి సంతకం తెమ్మను అన్నారు. బిడ్డకు పద్దెనిమిది నిండాయి, గుర్తింపు పత్రం ఉంది, ఇక తండ్రితో పని లేదని నేను రెండుసార్లు వెళ్లి వాదించాను. ఆయన కాదనలేదు. ఆ కాగితం ఒకటి ఉంటే మనకు భయం ఉండదమ్మా అన్నారు. ఆయన భయం ఏమిటో నాకు బాగా తెలుసు. అదే కుర్చీ పక్కన నేను ఇరవై ఎనిమిదేళ్లు కూర్చున్నాను.

పోయిన నెల మళ్లీ చిక్కపేటకు వెళ్లాను. శ్రీనివాసులు జుట్టు నెరిసింది. బిడ్డ రాత్రికి ఇంటికే వచ్చి తింటాడని, కుందలహళ్ళి నుంచి ఆలస్యమైతే తాను మెట్రో స్టేషన్ బయట స్కూటరుతో నిలబడతానని చెప్పాడు. సంతకం పెట్టాల్సిన కాగితం ముందు పెట్టాను. చదివాడు. పెన్ను కూడా తీసుకున్నాడు. చాలాసేపు పట్టుకుని మళ్లీ జేబులో పెట్టేశాడు.

"నా చేత్తో నేనే రాసిస్తే, రేపు వానికి ఏమన్నా అయితే నన్ను నేను ఏమనుకోవాల మేడమ్?"

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ ఫ్యాక్టరీ మళ్లీ ట్రైనీలను తీసుకుంటుందని చేతన్ నిన్న ఫోనులో చెప్పాడు. ఈసారి కార్డు మారకుండా ఆ వరుసలో నిలబడనన్నాడు. అఫిడవిట్ ఉంది. గుర్తింపు పత్రం ఉంది. బడి లెటరు ముసాయిదా నేనే టైపు చేసి ఇచ్చాను. తేదీ ఒక్కటి ఖాళీగా వదిలాను.

ఈ రోజుకు ఇంకా రావలసింది: సంతకం, ఒకటి.